గోడ దాటిన మూడు

సాయంత్రం దీపం పెట్టిన తర్వాత మారక్క వచ్చి, గోడ ముగిసిన చోట మెట్టు మీద కూర్చునేది. ఇటు తిరిగితే పెద్దకోడలు రేణు, అటు తిరిగితే చిన్నకోడలు త్రివేణి. ఇద్దరికీ నడుమ హాలో బ్లాకుల గోడ. కొడుకులు వేరుపడినప్పుడు కట్టిన గోడ అది. ఇంటి మధ్యలో మొదలై, ముందున్న జగిలి అరుగును కూడా రెండు ముక్కలుగా కోసి, మెట్టు దగ్గర ఆగింది. దానికి ఇంకా సిమెంటు పూత కూడా పూయలేదు.

త్రివేణి అవతలి జగిలి మీద నుంచి వంగి అత్త చెవిలో చెప్పేది. అత్త ఇటు తిరిగి పైకి చెప్పేది.

"ఏడు ఈ పక్క కూడతా ఉండాది కదా. దాన్ని గోడ దాటిస్తే తీసేసేదవుతుందంట."

రేణు తన పలక వైపు చూసింది. x + 7 = 15 అని రాసి ఉంది.

"ఇందులో గోడ యాడుందత్తా?"

మారక్క పలక మీదికి వంగి సమానం గుర్తు మీద వేలు పెట్టింది. "ఇదో, రెండు గీతలు. ఆ యమ్మి ఏదో పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. గోడ అనుకో. ఆ మాత్రం తెలీనిదానివి పదో తరగతి దాకా ఎట్ల పోయినావని కూడా అడిగింది."

"ఆ కడా మాట చెప్పకుంటే ఏం పోయె?"

"చెప్పమన్నది చెప్తా ఉండాను. ఏది చెప్పల్ల, ఏది మింగల్ల అని నాకేం తెలుసు?"

రేణు పళ్ళు బిగబట్టి ఏడును అటు పంపింది. పదిహేనులోంచి ఏడు తీసేస్తే ఎనిమిది. పలక గోడ అవతలికి పోయి, పక్కన ఒక టిక్కుతో తిరిగి వచ్చింది. ఆ టిక్కు కూడా పలక పగిలేటట్టు గీసి ఉంది.

పెళ్ళయి పిల్లలున్న ఆడది పలక పట్టుకొని కూర్చోవడానికి కారణం ఉంది. తళి దగ్గర గులాబీల గ్రీన్‌హౌస్‌లో రేణు పురుగుమందు కొట్టే పని చేస్తుంది. ప్లాస్టిక్ పందిరి కింద, గాలి ఆడని వేడిలో, వీపున డబ్బా మోసుకొని వరుస వెంట వరుస పోవాలి. మూడేళ్ళకు ఆమె వేళ్ళ సందుల్లో తోలు ఊడటం మొదలైంది. తర్వాత సంగటి ముద్ద చేత్తో పట్టుకుంటే భగ్గుమనేది. డెంకణికోట డాక్టరమ్మ చేతులు చూసి, ఆ పని మానుకోకపోతే నా దగ్గరికి రావద్దని కసిరింది. అదే తోటలో పూలను కాడ పొడుగును బట్టి విడదీసి కట్టలు కట్టే గ్రేడింగ్ షెడ్డు ఉంది. చల్లగా ఉంటుంది, మందు వాసన ఉండదు. అందులో ఒక చోటు ఖాళీ అవుతుందని, పదో తరగతి పాసైనవాళ్ళకే ఇస్తామని మేనేజరు చెప్పాడు. రేణు పదో తరగతిలో అన్నీ పాసై ఒక్క లెక్కల్లో తప్పింది. జూలైలో మళ్ళీ రాయడానికి అవకాశం ఉంది. తప్పితే మళ్ళీ ఆ డబ్బానే మోయాలి. డబ్బా మోస్తే చేతులు పోతాయి. చేతులు పోయిన ఆడదానికి ఇల్లేది, పని ఏది?

ఊళ్ళో లెక్కలు చదివిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె త్రివేణి. బీఎస్సీ లెక్కలే చదివింది, పెళ్ళికి ముందు హోసూరులో పిల్లలకు ట్యూషన్లు కూడా చెప్పింది. కానీ ఆమె రేణు ముఖం చూసి రెండేళ్ళు కావొస్తోంది.

అప్పుడు త్రివేణికి అయిదో నెల. అంతకు ముందు ఏడాది ఆమె మగడు యతీశ్ మారమ్మకు పొట్టేలిని మొక్కుకొని, జాతర నాటికి తీర్చలేక, వచ్చే ఏటికి చూద్దాంలే అన్నాడు. కడుపు నిలవలేదు. హోసూరు ఆస్పత్రి నుంచి త్రివేణి ఖాళీ చేతులతో వచ్చిన మరునాడు, కొళాయి దగ్గర ఆడవాళ్ళు అయ్యో పాపం అనుకుంటూ ఉంటే, రేణు బిందె ఎత్తుకుంటూ ఒక మాట అంది. మొక్కు ఎగ్గొడితే అమ్మ ఊరుకుంటుందా అని. కసిగా అన్నది కాదు. ఆమె నమ్మకమే అది, అమ్మ మీద భయంతో అన్నది. కానీ మాట బిందె కంటే ముందు ఇల్లు చేరింది.

త్రివేణి ఏడవలేదు, పోట్లాడలేదు. తడిగుడ్డలతో మారమ్మ గుడికి పోయి, అత్తను, మగడిని నిలబెట్టుకొని, పళ్ళెంలో కర్పూరం వెలిగించి దాని మీద అరచెయ్యి వేసి ఆర్పింది. రేణు ముఖం చూడను, నా గొంతు ఆమె చెవిన పడనియ్యను అని ప్రమాణం చేసింది. కర్పూరం ఆర్పి చేసిన ప్రమాణం తప్పితే ఆ ఇల్లు నిలవదని ఆ ఊళ్ళో చిన్న బిడ్డను అడిగినా చెబుతుంది.

అందుకని మారక్క బతిమాలి ఒప్పించినప్పుడు త్రివేణి కొన్ని కట్టుబాట్లు పెట్టింది. తను గోడ అవతలే ఉంటుంది. చెప్పేది అత్త చెవిలో చెబుతుంది. కాగితం మీద రాసివ్వదు, రాసినా మాటే కాబట్టి. తప్పుకు అడ్డగీతలు, ఒప్పుకు టిక్కు, అంతే. ఎందుకు ఒప్పుకుందో మాత్రం చెప్పలేదు. రేణుకు ఆ మాటే ముల్లులా గుచ్చుకునేది. నా మీద అంత మంట ఉన్నది నాకు చదువు ఎందుకు చెబుతుంది? సగం చెప్పి సగం దాస్తుందేమో. మగడు ఈరప్పతో అంటే, గొర్లను తోలుకొని పోతూ, మీ ఇద్దరి నడుమ నన్ను ఈడ్చొద్దని తేల్చేశాడు.

అయినా పాఠం నడిచింది. ఒకరోజు రేణు విసిగిపోయి, ఈ ఎక్స్ అంటే ఏంటో ముందు చెప్పమనత్తా, ఎనిమిదే అయినప్పుడు ఎనిమిదని రాయక ఈ కొక్కెం ఎందుకు అని అడిగింది. అత్త అటు వంగింది. ఈసారి చాలాసేపు వింది. ఇటు తిరిగినప్పుడు ఆమె ముఖం మాడిపోయి ఉంది.

"చెప్పత్తా."

"తెలీనిదాన్ని తెలీదని ఒప్పుకొని పెట్టే పేరంట అది. వెతికినాకనే దాని విలువ చెప్పల్లంట." మారక్క కొంగుతో మూతి తుడుచుకుంది. "కొందరు తెలీకపోయినా తెలిసినట్టు కొళాయి కాడ చెప్తారంట. వాళ్ళకు ఎక్స్ అర్థం కాదంట."

రేణు చేతిలో బలపం విరిగింది. లేచి పోదామనుకుంది. వేళ్ళ సందుల మంట గుర్తొచ్చి కూర్చుంది.

"తరువాత లెక్క చెప్పమను."

కూడికలు వచ్చాయి, తీసివేతలు వచ్చాయి. కూడేది గోడ దాటితే తీసేది, తీసేది గోడ దాటితే కూడేది. గ్రీన్‌హౌస్‌లో వరుసల మధ్య నడుస్తూ కూడా రేణు మనసులో అంకెలను అటూ ఇటూ దాటిస్తూ ఉండేది. మాస్కు వెనుక ఆమె పెదవులు కదలడం చూసి తోటి పనివాళ్ళు, అమ్మవారి స్తోత్రమా అని అడిగేవాళ్ళు. అవునని చెప్పి తప్పించుకునేది.

పరీక్షకు రెండు వారాలు ఉందనగా త్రివేణి కొత్త రకం మొదలుపెట్టింది. 3x = 12. ఇందులో కూడేదీ లేదు, తీసేదీ లేదు. మూడు వచ్చి ఎక్స్‌కు అతుక్కొని ఉంది. త్రివేణి అత్త చెవిలో రెండు ముక్కలు చెప్పింది. మూడు గుణిస్తూ ఉంది కాబట్టి అవతలికి పోతే భాగిస్తుంది. అయితే దాని గుర్తు మారదు, మామూలు మూడుగానే ఉంటుంది.

మారక్క మొదటి ముక్క చెప్పింది. రెండో ముక్క దగ్గర ఆగింది. ఇన్ని దినాలుగా తన నోటితోనే గోడ దాటితే మారుతుంది, మారుతుంది అని చెప్పింది. ఇప్పుడు మారదు అంటే ఎట్లా? తను పోచంపల్లి పక్క నుంచి ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇంటిపేరు మారింది, మొక్కే దేవుడు మారాడు, వండే కూర కూడా మారింది. దాటినాక మారనిది ఏముంది? పొద్దంతా పని చేసి వచ్చిన త్రివేణి అలసటలో ఏదో పొరపాటుగా అని ఉంటుంది. ఇటు చెబితే రేణు దాన్ని పట్టుకొని రభస చేస్తుంది. ఇద్దరికీ మంచిదని పెద్దామె ఆ ముక్కను సరిదిద్దింది.

"మూడు అవతలికి పోయి పన్నెండును పంచుతుందంట. గుర్తు సంగతి నీకు తెలిసిందే, దాటితే మారుతుంది."

రేణు పన్నెండును మైనస్ మూడుతో పంచింది. మైనస్ నాలుగు. అప్పటికే చీకటి పడింది. పలక అవతలికి పోకముందే యతీశ్ బండి వచ్చింది. త్రివేణి తల్లి జ్వరంతో ఉందని కబురు. ఆ రాత్రే వాళ్ళు బయలుదేరారు. పోతూ పోతూ, ఈ రకం లెక్కలు పుస్తకంలో ఉన్నవన్నీ చేయించమని అత్తకు చెప్పింది త్రివేణి. రేణు అన్నీ చేసింది. ప్రతి సమాధానానికీ ముందు ఒక మైనస్ వచ్చి కూర్చుంది. ఈ రకం లెక్కలు ఇట్లే ఉంటాయి కాబోలు అనుకుంది.

ఆదివారం డెంకణికోటలో తిలక్ సారు ట్యుటోరియల్‌లో మాదిరి పరీక్ష పెట్టారు. బయటివాళ్ళు కూడా రాయవచ్చు. రేణు మీసాలు రాని పిల్లల మధ్య బెంచీ మీద ఇరుక్కొని కూర్చొని రాసింది. సారు అక్కడే దిద్ది ఒక్కొక్కరినీ పిలిచాడు. రేణు కాగితం చూసి ఎర్ర పెన్ను మూత పెట్టాడు.

"ఈ మైనస్‌లు యాడినుంచి వచ్చినాయమ్మా? వాన మాదిరి కురిసినాయే."

పిల్లలు నవ్వారు. రేణు తలవంచుకొని, మా ఇంట్లో ఆమె నేర్పించింది, బీఎస్సీ చదివింది అని చెప్పింది. సారు తల అడ్డంగా ఊపాడు.

"బీఎస్సీ చదివినోళ్ళు ఇట్ల నేర్పించరు. కావాలని నేర్పిస్తే తప్ప."

ఏది తప్పో చెప్పమని అడిగితే, తరగతిలో చేరితే మొదటినుంచి చెప్తానన్నాడు. పొద్దున ఏడుకు తోటలో ఉండాల్సిన మనిషి ఏ తరగతిలో చేరుతుంది? బస్సులో కిటికీ పక్కన కూర్చొని రేణు కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది. తప్పులు తప్పులుగా కనబడినా, ఏ మాట తప్పో తెలియలేదు. దాటితే మారుతుందన్నది అబద్ధమా? పంచుతుందన్నది అబద్ధమా? మొత్తం అంతా అబద్ధమేనా? ఇన్నాళ్ళూ టిక్కు పడిన జవాబులు కూడా ఆమెకు విషం కలిపిన కూడులా అనిపించాయి. పరీక్షకు ఇంక వారమే ఉంది. గ్రేడింగ్ షెడ్డు తలుపు తన ముఖాన మూసుకుంటున్న చప్పుడు ఆమెకు వినబడింది.

ఇంటికి వచ్చేసరికి త్రివేణి కూడా తల్లిగారింటి నుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ ఉంది. రేణును చూడగానే ముఖం తిప్పుకొని తన వైపు మెట్టెక్కింది. రేణు వాకిట్లోనే నిలబడింది. మాట మారక్కకు, దెబ్బ అవతలికి.

"అత్తా, మీ చిన్నకోడలికి చెప్పు. చదువు చెప్పనంటే చెప్పననాల్సింది. నేను కాళ్ళు పట్టుకోలేదు. తప్పులు నేర్పించి పదిమంది పిల్లోళ్ళలో నన్ను నవ్వులపాలు చేసింది. నా చేతులు కుళ్ళిపోతే చూసి సంతోషపడల్లని కాసుకొని ఉండాది."

మారక్క చాట దించి లేచింది. ఎదురింటి రామలక్ష్మమ్మ పొయ్యి మీది పాలు వదిలి గడపలోకి వచ్చింది. త్రివేణి తడి కాళ్ళతో మెట్టు దిగి, రేణు వైపు చూడకుండానే ఆమె చేతిలోని కాగితం లాక్కుంది. ఎర్ర గీతలన్నీ చూసింది. వేలితో ఒక వరుస వెంట పోయింది, ఇంకో వరుస వెంట పోయింది. తర్వాత అత్త వైపు తిరిగింది. అందరికీ వినబడేటట్టే అడిగింది.

"అత్తా, ఆ పొద్దు నేను నీ చెవిలో చెప్పిందేంది? మూడుకు గుర్తు మారదని చెప్పినానా లేదా?"

మారక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దాచాలని ఆమెకు తోచలేదు, దాచాల్సింది ఉందని కూడా తెలియదు.

"చెప్పినావు తల్లీ. అది పొరపాటుగా అన్నావనుకున్నాను. గోడ దాటినాక మారకుండా ఎట్లుంటాది? అందుకే మారుతుందనే చెప్పినాను."

రామలక్ష్మమ్మ ఇంట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడు వచ్చింది, ఆమె కదల్లేదు. మారక్క నెమ్మదిగా మెట్టు మీద కూలబడింది. తను సరిదిద్దానని అనుకున్నది ఏమిటో, దానితో ఏం జరిగిందో ఆమెకు అప్పుడు తెలిసింది. నా నోట్లో మన్ను పడ అని గొణుక్కుంది. అత్తను తిట్టడానికి రేణుకు నోరు రాలేదు. అంతకంటే కష్టం, త్రివేణిని తిట్టడానికి కారణం లేకుండా పోయింది. తిట్టేశాక.

త్రివేణి కాగితం మడిచింది. మళ్ళీ విప్పింది. రెండేళ్ళలో మొదటిసారి తల ఎత్తి రేణు ముఖంలోకి చూసింది.

"మూడుకు గుర్తు మార్చొద్దు."

మారక్క, తల్లీ మారమ్మా అంటూ రెండు చెంపలూ వాయించుకుంది. త్రివేణి ఆమె వైపు చూడలేదు.

"నువ్వంటే నాకు ఈ పొద్దుకీ మంటనే. దానికీ దీనికీ సంబంధం లేదు. తప్పు నేర్పించిందనే పేరు నాకొద్దు. పలక తీసుకొని రా."

రేణు కదల్లేదు. "ప్రమాణం?"

"నాది. నేను చూసుకుంటాను. తీసుకొని రా."

ఆ సాయంత్రం త్రివేణి గోడ ఇవతలికి వచ్చి కూర్చుంది. అంకెలను దాటించడానికి రేణు పలక మీద గీసుకున్న బాణం గుర్తులన్నీ అరచేత్తో తుడిచేసింది. దాటేదీ లేదు, దూకేదీ లేదు, ఆ మాట మర్చిపో అంది. సమానం గుర్తుకు రెండు పక్కలా ఉన్నవి సమానం. సమానంగా ఉన్నవాటికి రెండు పక్కలా ఒకే పని చేస్తే సమానంగానే ఉంటాయి. ఈ పక్క ఏడు ఉంటే, రెండు పక్కలా ఏడు తీసేయి. ఈ పక్క ఏడు పోతుంది, ఆ పక్క తీసివేత కనబడుతుంది. ఏదో ఎగిరి అవతల పడ్డట్టు మనకు అనిపిస్తుంది, అంతే. ఇక్కడ మూడు రెట్లు ఉంది కాబట్టి, రెండు పక్కలా మూడుతో పంచు. మైనస్ ఎక్కడినుంచి వస్తుంది?

రేణు చూసింది. నిజమే, మైనస్ రావడానికి దారే లేదు. ఇంత చిన్న సంగతికా ఇన్ని దినాలు? ఆమెకు సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది.

"వచ్చింది కదా అని ఊరుకోవద్దు," త్రివేణి అంది. "ఎక్స్ ఉన్న చోట నీ నాలుగు పెట్టి చూడు. మూడు నాలుగులు?"

"పన్నెండు."

"అవతల?"

"పన్నెండు."

"అదే నీ మైనస్ నాలుగు పెట్టి ఉంటే మైనస్ పన్నెండు వచ్చేది. మీ సారు నవ్వక ముందే నీకు తెలిసేది. చెప్పేసినాక కాదు, చెప్పకముందు చూసుకోవల్ల."

మాట లెక్క గురించేనా అని రేణుకు అనుమానం వచ్చింది. ఊరుకోలేక, నా మీద కసి తీర్చుకునేదానికే వచ్చినావా అంది. త్రివేణి ఆమె చేతిని మణికట్టు దగ్గర పట్టి దీపం వెలుగులోకి తిప్పింది. ప్రేమగా పట్టిన పట్టు కాదు.

"ఈ తోలు ఊడతా ఉండాదే, ఏ మొక్కు ఎగ్గొట్టినందుకు?"

రేణు చెయ్యి లాక్కోబోయింది. లాక్కోలేదు. "మందుకు."

"మందుకని నీకు తెలుసు. నీ చేతికైతే తెలుసు."

త్రివేణి పుస్తకం తిప్పి ఇంకో లెక్క చూపించింది. ఆ వారమంతా అట్లే సాగింది. ఇవతలి జగిలి మీద ఎదురెదురుగా కూర్చొని, లెక్కకు అవసరమైన మాటలు మాత్రం, అవీ విసిరినట్టు. రేణు తప్పు చేస్తే త్రివేణి పలక నేలకు కొట్టేది. సరిగ్గా చేస్తే ఏమీ అనేది కాదు. మారక్క దూరంగా కూర్చొని వినేది. ఆమె మెట్టు మీదికి రావడం మానేసింది.

పరీక్షకు ముందు శుక్రవారం రేణు మారమ్మ గుడికి పోయింది. ఆమె మనసులో ఒకటే తిరుగుతూ ఉంది. త్రివేణి ప్రమాణం తప్పింది. తప్పింది తన వల్ల. రేపు ఆ ఇంట్లో ఏదైనా జరిగితే? ఒకప్పుడైతే రేణుకు జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు గుడి మెట్ల మీద నిలబడి, అమ్మ నిజంగా ఇట్లా పద్దు రాసుకుంటుందా అని మొదటిసారి ఆలోచన వచ్చింది. కన్నతల్లి బిడ్డల మీద అట్లా రాసుకోదు కదా. అమ్మ అంతకంటే తక్కువదా? ఆలోచన వచ్చినందుకే భయపడి లెంపలేసుకుంది. చివరకు రెండు పక్కలా భద్రంగా ఉండేటట్టు మొక్కుకుంది. తల్లీ, ప్రమాణం తప్పిన దోషం ఉంటే నా తలకు పెట్టు, ఆ పిల్ల జోలికి పోవద్దు అని.

పూజారి విన్నాడు. పూజారి విన్నది సందెకల్లా త్రివేణి విన్నది. ఆమె పలకను జగిలి మీదికి విసిరింది.

"నా దోషం మోసేదానికి నువ్వెవరు? అప్పుడూ నువ్వే సామి తరఫున లెక్క చెప్పినావు, ఇప్పుడూ నువ్వే చెప్తా ఉండావు. ఆ యమ్మ మనసులో ఏముందో నీకు తెలుసా?"

"తెలీదు."

"ఏంటి?"

"తెలీదంటా ఉండాను. అప్పుడూ తెలీదు." రేణు కోపంగానే అంది. "తెలీకనే అన్నాను. ఇప్పుడు తెలీకనే మొక్కినాను. ఇంకేం చెప్పమంటావు?"

త్రివేణి సరేలే అనలేదు. క్షమించాననీ అనలేదు. పలక తీసి, మట్టి దులిపి, రేణు ఒడిలో పెట్టింది.

"రెండు పక్కలా ఎక్స్ ఉండే లెక్కలు నీకు ఇంకా రాలేదు. రాయి."

హోసూరులో పరీక్ష రాసింది రేణు. 5x − 8 = 2x + 13 అని ఒక లెక్క వచ్చింది. చెమట పట్టిన వేళ్ళకు పెన్ను ఆనించుకోలేక నొప్పి పుడుతూ ఉంటే, ఒక్కొక్క వరుసా దించుకుంటూ రాసింది. రెండు పక్కలా రెండు ఎక్స్‌లు తీసేసింది. రెండు పక్కలా ఎనిమిది కలిపింది. మూడు ఎక్స్‌లు ఇరవై ఒకటి. మూడుతో పంచితే ఏడు. పక్కనున్న పిల్ల అప్పటికే కాగితం తిప్పేసింది. రేణు తిప్పలేదు. ఏడు పెట్టి ఈ పక్క చూసింది, ఇరవై ఏడు. ఆ పక్క చూసింది, ఇరవై ఏడు. అప్పుడు తిప్పింది.

ఆగస్టులో మార్కులు వచ్చాయి. గట్టెక్కేటన్ని వచ్చాయి, అంతకంటే ఎక్కువేమీ కాదు. మేనేజరు ఆమెను మరుసటి నెల మొదటి నుంచి గ్రేడింగ్ షెడ్డుకు మార్చాడు. షెడ్డులో చేరిన మొదటి శుక్రవారం కాడ పొట్టిగా ఉన్న గులాబీలను పనివాళ్ళకు ఇచ్చారు. దేవుని గూడు వాటాల్లో త్రివేణి వైపు పడింది. రేణు పూలను మారక్క చేతికిచ్చి సామికి పెట్టమంది. మారక్క లోపలికి పోయి, పూలతోనే తిరిగి వచ్చింది.

"మందు కొట్టిన పూలు సామికి వద్దని చెప్పమంటా ఉంది."

"కడిగి పెట్టుకోమను."

మారక్క నిలబడిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది. పూలను గోడ కొనన మెట్టు మీద పెట్టేసింది.

"మీరే చెప్పుకోండి. నేను ఇంక ఎవరి మాటా మొయ్యను."

ఆమె కొంగు దులుపుకొని గొర్ల దొడ్డి వైపు పోయింది. కొంతసేపటికి త్రివేణి గడపలోకి వచ్చింది.

"పూలు తెచ్చి పెడితే అయిపోయిందనుకున్నావా?"

"లేదు," అంది రేణు. "సామికి తెచ్చినాను. నీకు కాదు."

త్రివేణి పూల వైపు చూసింది. ఒకటి తీసి వాసన చూసి ముఖం చిట్లించింది.

"ఎన్నిసార్లు కడగల్ల?"

"మూడుసార్లు. రేకులు విప్పి కడుగు, లోపల నిలిచి ఉంటుంది. చేతికి కవరు తొడుక్కో."

త్రివేణి కట్ట తీసుకొని నీళ్ళ తొట్టి వైపు నడిచింది. కవరు తొడుక్కుందా లేదా అని రేణు గోడ కొన నుంచి వంగి చూసింది.